పుస్తకాల డిస్క్ లినక్స్‌లో తెరుచుకోవడం లేదు, సాయం చేయండి

ఏలూరురోడ్డు_అక్షరం | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విజయవాడ ఏలూరు రోడ్డులో మాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. రెండు కంప్యూటర్లు. ఒకదానిలో విండోస్ 10 ఉంది. ఇంటర్నెట్ తీసేసి పేజ్‌మేకర్ పనికే దాన్ని ఉంచాను. పాత పుస్తకాలన్నీ అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి, ఆ ఫైళ్లు తెరవాలంటే అది తప్పదు. రెండోది విండోస్ 11కు పనికిరాదన్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది కదా, అందుకని ఆ రెండోదానిలో లినక్స్ మింట్ 22 వేసుకున్నాను. యూనికోడ్‌లో వచ్చే కొత్త పనులన్నీ దానిమీదే చేస్తున్నాను, హాయిగా ఉంది.

ఇబ్బందల్లా 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌తో. రోజూ ఈ కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌కు తిరుగుతుంది. నెల రోజులు బాగానే తెరుచుకుంది. ఈ రోజు ఉదయం మింట్‌లో పెడితే డిస్క్ పేరు కనిపిస్తోంది, నొక్కితే మాత్రం ఫైల్ సిస్టమ్ రకం తప్పు, ఆప్షన్ తప్పు, సూపర్‌బ్లాక్ పాడైంది అంటూ పొడవాటి సందేశం వస్తోంది. నేను వైరు లాగేయలేదు. రాత్రి విండోస్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, లైటు ఆరాకే డిస్క్ తీశాను.

నాన్నగారు కంపోజ్ చేసిన పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. సగానికి మాత్రమే వేరే కాపీ ఉంది. చేతులు ఆడటం లేదు.


కరకట్ట | సోమవారం, రాత్రి 9:34

కంగారు పడకండి అన్నా, ఇది మామూలుగా వచ్చేదే. మీది ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయి ఉంటుంది, అంటే విండోస్ పద్ధతిలో ఫైళ్లు అమర్చినది. దానిమీద డర్టీ అనే గుర్తు పడి ఉంటుంది. మింట్ 22లో ఫైల్ మేనేజర్ కెర్నల్‌లోని (లినక్స్ మూల భాగంలోని) ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్‌తో తెరవాలని చూస్తుంది. ఆ గుర్తు ఉంటే అది తెరవనంటుంది. టెర్మినల్‌లో డిస్క్‌ను తెరిచే మౌంట్ కమాండ్‌కు ఫోర్స్ ఆప్షన్ ఇస్తే తెరుచుకుంటుంది. లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్‌ను హైఫన్ డీ తో నడిపితే గుర్తే పోతుంది. రెండు నిమిషాల పని.


చిట్టా_ఆవర్జా | సోమవారం, రాత్రి 9:41

అక్షరం గారూ, దయచేసి ఆ రెండూ చేయకండి. డిస్క్ తీసి పక్కన పెట్టి ఇది చదవండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను దుకాణానికి ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను. ఆ మాటల్లోనే చెబుతాను. మా దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. రోజంతా జరిగిన ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాస్తాం. సాయంత్రం తీరిక చూసుకుని ఒక్కొక్కటీ ఆవర్జాలో ఆయా ఖాతాల కింద ఎక్కిస్తాం. మధ్యలో కరెంటు పోయినా, మనిషి లేచి వెళ్లినా చిట్టా ఉంటే చాలు, ఎక్కడ ఆగామో తెలిసిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ అలాంటి చిట్టా ఉంది, దాన్ని జర్నల్ అంటారు. ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టిక ఆవర్జా. డర్టీ గుర్తు ఉందంటే చిట్టాకూ ఆవర్జాకూ ఇంకా పొంతన కుదరలేదని అనుమానించాలి.

ఫోర్స్ అంటే పొంతన చూడకుండా ఆవర్జాలో కొత్త పద్దులు రాయడం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అయితే కొన్ని చిన్న లోపాలు సరిచేసి, ఆ చిట్టాను ఖాళీ చేసి, తరువాత విండోస్ వచ్చి తనిఖీ చేయాలని గుర్తు పెడుతుంది. హైఫన్ డీ ఇస్తే ఆ తనిఖీ అవసరమన్న గుర్తును కూడా చెరిపేస్తుంది. పేరులో ఫిక్స్ ఉన్నా అది పూర్తి మరమ్మతు కాదు. వేరే కాపీ లేని ఫైళ్లున్న డిస్క్‌మీద అది చేయకూడదు.

ఇక షట్‌డౌన్ చేశాకే తీశానన్నారు కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రాములు మూసి, తన కెర్నల్ స్థితిని హైబర్‌ఫిల్ అనే ఫైల్‌లో దాచుకుని పడుకుంటుంది. ఆ సమయానికి తగిలించి ఉన్న డిస్కుల వివరాలు కూడా ఆ జ్ఞాపకంలోనే ఉంటాయి. పొద్దున లేచాక డిస్క్ తను వదిలినట్టే ఉందనుకుని పని మొదలుపెడుతుంది. ఈలోగా లినక్స్ దానిమీద రాసి ఉంటే రెండు లెక్కలూ కలిసి పాడైపోతాయి. విండోస్‌లో రీస్టార్ట్ నొక్కితే మాత్రం పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా పద్ధతి అదే.

కాబట్టి డిస్క్ తెరుచుకోకపోవడం మీ మేలుకే. ముందు రెండు విషయాలు చెప్పండి: విండోస్ కంప్యూటర్ ఇంకా పనిచేస్తోందా? ఈ రోజు ఉదయం నుంచి ఆ డిస్క్‌ను దానికి పెట్టారా?


బ్రాడీపేట_ఛాయ | సోమవారం, రాత్రి 10:05

పెద్దాయన చెప్పింది అక్షరాలా పాటించండి. గుంటూరు బ్రాడీపేటలో మాకు ఫోటో స్టూడియో ఉంది. మూడేళ్ల కిందట ఇదే గుర్తు వచ్చినప్పుడల్లా ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ నడిపి పని కానిచ్చాను. నాలుగైదుసార్లు ఏమీ కాలేదు. ఒకరోజు విండోస్‌లో పెడితే అదే చెక్‌డిస్క్ అనే తనిఖీ మొదలుపెట్టింది. అది ముగిశాక ఒక పెళ్లి ఫోల్డరు మొత్తం మాయమైంది. ఫౌండ్ చుక్క 000 అనే కొత్త ఫోల్డరులో ఫైల్0000, ఫైల్0001 అని వరస పేర్లతో ముక్కలు కనిపించాయి. వాటి చివర జేపెగ్ అని మార్చి ఒక్కొక్కటీ తెరిచి చూస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. తలంబ్రాల ఫోటోలు దొరికాయి. అప్పగింతల ఫోటోలు సగం వరకే తెరుచుకుని కింద బూడిద రంగు వచ్చింది. ఆ అమ్మాయి తల్లికి ఆ మాట చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే.


కరకట్ట | సోమవారం, రాత్రి 10:12

నేను తొందరపడ్డాను, క్షమించండి. నా ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు అలా చేశాను కానీ అందులో పోతే బాధపడేవి ఏమీ లేవు. అక్షరం అన్నా, ఆ కమాండ్లు ఇవ్వకండి.


ఏలూరురోడ్డు_అక్షరం | మంగళవారం, ఉదయం 8:50

అదృష్టం బాగుంది, రాత్రి ఏ కమాండూ ఇవ్వలేదు. విండోస్ కంప్యూటర్ పనిచేస్తోంది, డిస్క్‌ను ఇంకా దానికి పెట్టలేదు. మింట్‌లో కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌ను సుడోతో ఇచ్చి చూశాను. చివరి వరసల్లో వాల్యూమ్ డర్టీగా ఉంది, ఫోర్స్ ఇవ్వలేదు అనే అర్థం వచ్చే మాట ఉంది. అంటే మీరు ఊహించిందే. ఇప్పుడు ఏం చేయాలి?


చిట్టా_ఆవర్జా | మంగళవారం, ఉదయం 9:30

మంచిది. వరస తప్పకుండా చేయండి.

మొదట కాపీ. డిస్క్‌ను లినక్స్‌లో చదవడానికి మాత్రమే తెరవండి. మౌంట్ కమాండ్‌కు హైఫన్ ఓ, ఆ తరువాత ఆర్ఓ అని ఇస్తే డర్టీ గుర్తు ఉన్నా చదవనిస్తుంది, ఒక్క అక్షరం కూడా డిస్క్‌మీద రాయదు. డివైస్ పేరు కోసం ఎల్ఎస్‌బీఎల్‌కే, హైఫన్ ఎఫ్. అందులో ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉన్న వరస చూడండి. పరిమాణం కూడా సరిచూసుకోండి, ఒక అక్షరం తేడాలో వేరే డిస్క్‌మీద చెయ్యి పడుతుంది. తెరుచుకున్నాక రెండో కాపీ లేని పుస్తకాలు ముందు తీసుకోండి. పాటలు, సినిమాలు ఉంటే చివరికి వదిలేయండి.

తరువాత మరమ్మతు. డిస్క్ లేకుండా విండోస్‌ను తెరిచి ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. పాత జ్ఞాపకం పోవడానికే ఇది. అప్పుడు డిస్క్ తగిలించి కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చెక్‌డిస్క్, డిస్క్ అక్షరం, స్లాష్ ఎఫ్ ఇవ్వండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను పూర్తిగా తనిఖీ చేసి సరిచేయడంలో నమ్మదగినది విండోసే, ఆ పని దానికే వదిలేయాలి. 2 టీబీకి సమయం పట్టవచ్చు, మధ్యలో ఆపకండి. ఇన్వర్టర్ లేకపోతే కరెంటు కోత లేని వేళ చూసుకోండి.

ఆఖరుకు కారణాన్ని తీసేయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అక్కడ ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు. లోపల ఫాస్ట్ స్టార్టప్ దగ్గర టిక్కు తీసేయండి. ఆ గడి మసకగా ఉంటే పైన అనుమతి అడిగే వాక్యంమీద ముందు నొక్కాలి. ఇదంతా కాకుండా ఒక్క దెబ్బతో పోవాలంటే పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆఫ్. హైబర్నేషన్ మొత్తం ఆగుతుంది, హైబర్‌ఫిల్ ఫైలు కూడా పోయి సీ డ్రైవ్‌లో కాస్త చోటు మిగులుతుంది.


తెనాలి_మాస్టారు | మంగళవారం, ఉదయం 11:15

ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. మా పాఠశాలలో కూడా సగం కంప్యూటర్లు ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్‌కు మార్చాం. నా సందేహం ఒక్కటే. ఇంత అవస్థ ఎందుకు? డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చేస్తే రెండు వైపులా తెరుచుకుంటుంది కదా? మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ వివరాలు బయటపెట్టిందనీ, లినక్స్ కెర్నల్‌లోనే దానికి డ్రైవర్ ఉందనీ విన్నాను.


బ్రాడీపేట_ఛాయ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మా స్టూడియోలో ఖాతాదారులకు ఇచ్చే డిస్కులన్నీ ఎక్స్‌ఫ్యాటే. కెమెరాలో వేసే 64 జీబీ, అంతకుమించిన కార్డులు కూడా అదే ఫార్మాట్‌లో వస్తాయి. మింట్‌లో, విండోస్‌లో, టీవీలో ఎక్కడ పెట్టినా పేచీ లేదు. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, రిసెప్షన్ వీడియో ఒక్కటే అంతకు మించి ఉంటుంది. ఇచ్చి పుచ్చుకునే డిస్కులకు ఎక్స్‌ఫ్యాట్ వాడండి, నాది పూర్తి మద్దతు.


చిట్టా_ఆవర్జా | మంగళవారం, మధ్యాహ్నం 2:25

ఛాయమ్మా, ఇచ్చి పుచ్చుకునే డిస్కులకు సరే. అసలు ప్రతి ఉన్న డిస్క్‌కు మాత్రం నేను ఒప్పుకోను. ఎక్స్‌ఫ్యాట్‌కు చిట్టా లేదు, నేరుగా ఆవర్జాలోనే రాతలు. రాస్తుండగా వైరు కదిలితే ఎక్కడిదాకా రాశామో చెప్పే సాక్ష్యం ఉండదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఈ రోజు తెరవనని మొండికేసింది. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఒక్కోసారి హెచ్చరిక లేకుండానే తెరుచుకుంటుంది, ఏ ఫైలు పోయిందో మనం వెతికే రోజున తెలుస్తుంది.

ఇంకో మాట కూడా మాస్టారు గారికి. మార్చడం అంటే ఫార్మాట్ చేయడమే. ఉన్నదంతా వేరేచోటికి తీసి, ఖాళీ చేసి, మళ్లీ నింపాలి. అక్షరం గారి దగ్గర ఇప్పుడు అంత చోటు లేదు.


తెనాలి_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:10

అర్థమైంది. పిల్లల ప్రాజెక్టులు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లకు ఎక్స్‌ఫ్యాట్ పెడతాను, మార్కుల డిస్క్‌ను కదపను.


ఏలూరురోడ్డు_అక్షరం | బుధవారం, రాత్రి 8:15

పని జరిగింది! చదవడానికి మాత్రమే తెరిచి కాపీ లేని పుస్తకాలు దాదాపు అన్నీ తీసుకున్నాను. చెక్‌డిస్క్ రెండు గంటలకుపైగా నడిచింది. ఏ ఫైలూ పోలేదు, ఫౌండ్ ఫోల్డరు కూడా రాలేదు. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. ఇప్పుడు మింట్‌లో మునుపటిలా తెరుచుకుంటోంది. చిట్టా గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. మా దగ్గర కంపోజింగ్ చేసే అమ్మాయికి మింట్‌లో వేరే లాగిన్ ఉంది. నేను తెరిచిన డిస్క్ ఆమె లాగిన్‌లో తెరుచుకోదు, అనుమతి లేదంటోంది. ఫోల్డరుమీద అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్ ఇచ్చి చూశాను, ఏ మార్పూ లేదు.

రెండోది. కాపీ తీసేటప్పుడు పదకొండు ఫైళ్లు రాలేదు. ఫైల్ పేరు మరీ పొడవుగా ఉందంటోంది. అవే ఫైళ్లు విండోస్‌లో బాగా తెరుచుకుంటున్నాయి.


కరకట్ట | బుధవారం, రాత్రి 9:00

మొదటిది చెబుతాను అన్నా. ఫైల్ మేనేజర్ ద్వారా తెరిస్తే డిస్క్ మీడియా ఫోల్డరులో మీ యూజర్ పేరు కింద తెరుచుకుంటుంది, ఆ దారి మీ ఒక్కరిదే. ఇక ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో లినక్స్ తరహా అనుమతులు ఉండవు కాబట్టి మామూలుగా తెరిచినప్పుడు సీహెచ్‌మాడ్ పనిచేయదు. ఎవరికి ఏ హక్కు అనేది మౌంట్ చేసే క్షణంలోనే చెప్పాలి.

దానికి ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు తెరవాల్సిన డిస్కుల జాబితాలో, ఒక వరస రాయాలి. ముందు ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి పెట్టుకోండి. ఎంఎన్‌టీ ఫోల్డరులో పుస్తకాల పేరుతో ఒక ఖాళీ ఫోల్డరు చేయండి. మీ ఇద్దరినీ ఒకే గ్రూపులో చేర్చి, ఆ గ్రూపు సంఖ్య చూసుకోండి. ఇక వరసలో మొదట డిస్క్ యూయూఐడీ, అంటే దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య రావాలి. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు 16 అంకెలు, అక్షరాలు కలిసి ఉంటుంది. ఎస్‌డీబీ1 లాంటి పేరు రాయకండి, ఇంకో పెన్‌డ్రైవ్ ముందు పెడితే ఆ పేరు మారిపోతుంది. తరువాత ఆ ఖాళీ ఫోల్డరు దారి. తరువాత రకం, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే పాత డ్రైవర్ పేరు. తరువాత ఆప్షన్లు: యూఐడీ 1000, జీఐడీ దగ్గర గ్రూపు సంఖ్య, యూమాస్క్ 007, విండోస్ అండర్‌స్కోర్ నేమ్స్. వీటి మధ్య కామాలే ఉండాలి, ఖాళీలు ఉండకూడదు. చివర రెండు సున్నాలు.

యూమాస్క్ 007 అంటే మీకూ గ్రూపుకూ పూర్తి హక్కు, బయటివారికి ఏమీ లేదు. విండోస్ నేమ్స్ ఎందుకంటే, లినక్స్ ఫైల్ పేరులో ప్రశ్నార్థకం, కోలన్ కూడా రానిస్తుంది. ఆ పేర్లతో విండోస్‌కు సరిపడదు. ఈ ఆప్షన్ ఉంటే అలాంటి పేరు పెట్టబోయినప్పుడే ఆపుతుంది. పుస్తకాల పేర్ల చివర ప్రశ్నార్థకాలు మామూలే కదా.

ఎన్‌టీఎఫ్‌ఎస్3 కెర్నల్ లోపలే పనిచేస్తుంది, వేగం ఎక్కువ. కానీ అది 2021లో 5.15 కెర్నల్‌తో వచ్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ స్థిరమైన రూపం 2007 నుంచి ఉంది. మీ డిస్క్‌కు పాతదే మేలనుకుంటున్నాను.

ఫైల్ పేర్ల సంగతి రేపు చూసి చెబుతాను.


ఏలూరురోడ్డు_అక్షరం | గురువారం, ఉదయం 9:45

ఫోన్ నుంచి రాస్తున్నాను. రాత్రి ఎఫ్‌స్టాబ్ వరస రాశాను, ఇద్దరి లాగిన్లలోనూ తెరుచుకుంది, సంతోషంగా ఇంటికి వెళ్లాను. డిస్క్ నాతో తెచ్చుకున్నాను. పొద్దున అమ్మాయి దుకాణం తెరిచి మింట్ ఆన్ చేస్తే ఒక నిమిషం ముప్పై సెకన్లంటూ లెక్క నడిచి, ఆ తరువాత నల్లటి తెరమీద ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చిందట. రూట్ ఖాతాకు తాళం ఉందని కూడా అంటోందట. ప్రూఫులు సాయంత్రానికి ఇవ్వాలి. ఏం చేయాలి?


చిట్టా_ఆవర్జా | గురువారం, ఉదయం 9:52

భయపడేదేమీ లేదు. ఆ డిస్క్ తీసుకెళ్లి తగిలించి, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయండి. మామూలుగా లేస్తుంది.

ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న డిస్క్ తప్పనిసరి అనుకుని అది ఎదురుచూస్తోంది. లేచాక ఆప్షన్లలో నోఫెయిల్ అనే మాట చేర్చండి. డిస్క్ ఉంటే తెరుస్తుంది, లేకపోతే తన దారిన తాను పోతుంది. దానితోపాటు ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డీ చుక్క ఆటోమౌంట్ అని కూడా చేర్చండి. అప్పుడు ఎవరైనా ఆ ఫోల్డరులోకి వెళ్లినప్పుడే డిస్క్ తెరుచుకుంటుంది. బయటికి తిరిగే డిస్క్‌కు ఈ రెండూ ఉండి తీరాలి.


కరకట్ట | గురువారం, ఉదయం 10:20

నోఫెయిల్ రాయకపోవడం నా తప్పే. నా వరసను చూసి ఇంకెవరూ పొరపాటు పడకుండా నిన్నటి పోస్టు కింద ఈ సంగతి చేర్చమని నిర్వాహకులను అడిగాను.


ఏలూరురోడ్డు_అక్షరం | గురువారం, ఉదయం 10:58

లేచింది. రెండు మాటలూ చేర్చి, డిస్క్ పీకి మళ్లీ ఆన్ చేసి చూశాను. ఆగకుండా లేచింది. కరకట్ట తమ్ముడూ, నువ్వు మనసులో పెట్టుకోకు, ఇద్దరి లాగిన్లూ పనిచేస్తున్నది నీ వరసతోనే.


కరకట్ట | గురువారం, రాత్రి 11:30

పదకొండు ఫైళ్ల సంగతి తేలింది అన్నా. ఇది తెలుగులో పేర్లు పెట్టేవాళ్లందరూ తెలుసుకోవాలి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ పేరుకు 255 సంకేతాల దాకా అనుమతిస్తుంది. మన లిపిలో ఒక్కో గుర్తు అక్కడ ఒక్కటిగా లెక్క. మింట్ తన సొంత డిస్క్‌కు మామూలుగా వాడే ఎక్స్‌ట్4లో కూడా హద్దు 255. కానీ అక్కడ లెక్కించేది బైట్లను. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు. లినక్స్ పేర్లు రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు. అంటే 85 గుర్తులు దాటితే పేరు పట్టదు.

పైగా ఇక్కడ గుర్తు అంటే మనం అనుకునే అక్షరం కాదు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు కోసం వచ్చే హల్లు ఇంకొకటి, గుణింతం మరొకటి. శ్రీ తీసుకోండి. శ, పొల్లు, ర, దీర్ఘం. నాలుగు గుర్తులు, 12 బైట్లు. స్త్రీ అని రాస్తే ఆరు గుర్తులు, 18 బైట్లు. కంటికి రెండూ ఒక్కొక్క అక్షరమే. విజయవాడ కూడా అంతే, కంటికి ఐదు అక్షరాలు, లెక్కకు ఏడు గుర్తులు, 21 బైట్లు.

మీ నాన్నగారు ఫైల్ పేరులో పుస్తకం పేరు, రచయిత పేరు, ఎన్నో ముద్రణ, సంవత్సరం అన్నీ రాసేవారా?


ఏలూరురోడ్డు_అక్షరం | శుక్రవారం, ఉదయం 9:10

సరిగ్గా అదే. పుస్తకం పేరు, రచయిత ఇంటి పేరుతో సహా పూర్తి పేరు, ముద్రణ, ముఖచిత్రం ఎవరిది, చివరికి కాగితం సైజు కూడా. డెమ్మీ ఒకటికి ఎనిమిది అని. ఫైల్ పేరు చదివితే పుస్తకం చేతిలో ఉన్నట్టే ఉండేది. ఆ పదకొండూ అలాంటివే.

విండోస్‌లోనే వాటికి పొట్టి పేర్లు పెట్టాను. పూర్తి పేర్లు మాత్రం పోనివ్వలేదు. ఒక టెక్స్ట్ ఫైల్‌లో పొట్టి పేరు పక్కన నాన్నగారు రాసిన పేరు ఉన్నది ఉన్నట్టు రాసి, అదే ఫోల్డరులో పెట్టాను. కాపీ పూర్తయింది.


సింగ్‌నగర్_వాసి | శుక్రవారం, సాయంత్రం 6:30

ఈ చర్చ చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు సామాను పైకి చేరుస్తుంటే ఎక్స్‌టర్నల్ డిస్క్ మెట్లమీద పడింది. నీళ్లు తగలలేదు. అప్పటినుంచి పెడితే కనిపిస్తుంది, కొన్ని ఫోల్డర్లు తెరుచుకుంటాయి, కొన్నిచోట్ల చాలాసేపు ఆగి ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. ఇది కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్సే. పైన చెప్పినట్టు చెక్‌డిస్క్ చేయమంటారా?


చిట్టా_ఆవర్జా | శుక్రవారం, సాయంత్రం 6:38

చేయవద్దు. మీది వేరే జబ్బు. అక్షరం గారి డిస్క్‌లో లెక్క తప్పింది, మీ డిస్క్‌లో పుస్తకం కాగితమే చిరిగింది. చిరుగుతున్న కాగితంమీద దిద్దుబాట్లు చేస్తే మిగిలింది కూడా పోతుంది. ఫైళ్లు ఒక్కొక్కటీ కాపీ చేయాలని కూడా ప్రయత్నించకండి, తెరిచి మూయడం మానేయండి.

డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తోందా? వస్తుంటే ఇక కరెంటు పెట్టకుండా, డేటా తీసే నిపుణుల దగ్గరికే వెళ్లండి. శబ్దం లేకపోతే డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌కు హైఫన్ ఏ ఇచ్చి, అందులో రీలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరేచోటికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమవుతున్నవి) అన్న రెండు వరసల చివరి సంఖ్యలు ఇక్కడ రాయండి.


సింగ్‌నగర్_వాసి | శుక్రవారం, రాత్రి 7:25

శబ్దం లేదు. రీలొకేటెడ్ 16, పెండింగ్ 208.


చిట్టా_ఆవర్జా | శుక్రవారం, రాత్రి 7:50

అయితే ప్రయత్నించవచ్చు. ఆ డిస్క్ కంటే పెద్ద ఖాళీ డిస్క్ ఒకటి కావాలి. అది ఫ్యాట్32లో ఉండకూడదు, 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. జీడీడీరెస్క్యూ ప్యాకేజీ వేసుకుంటే పాడైన డిస్క్‌కు నకలు తీసే డీడీరెస్క్యూ కమాండ్ వస్తుంది. దానికి మూడు చెప్పాలి: పాత డిస్క్, కొత్త డిస్క్‌లో ఇమేజ్ ఫైలు (పాత డిస్క్ మొత్తానికి నకలు) పేరు, మ్యాప్ ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునేది) పేరు. మొదటి రెండూ తారుమారు కాకూడదు. నొక్కే ముందు ఇంట్లో ఇంకొకరిచేత కూడా చదివించండి. తొలి విడతలో హైఫన్ ఎన్ కూడా ఇవ్వండి, చిక్కు చోట్లను గీకకుండా తేలికగా వచ్చేవన్నీ ముందు తీసుకుంటుంది. మ్యాప్ ఫైలు ఉంటే కరెంటు పోయినా ఆగినచోటి నుంచి మొదలవుతుంది.


తెనాలి_మాస్టారు | శనివారం, ఉదయం 10:05

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఒక సహోద్యోగి డిస్క్ బిట్‌లాకర్ తాళంతో, అంటే విండోస్ వేసే పాస్‌వర్డ్ తాళంతో ఉంది. ఉబుంటులో తెరవవచ్చా?


కరకట్ట | శనివారం, ఉదయం 10:20

తెరవవచ్చు మాస్టారూ. ఫైల్ మేనేజర్‌లో నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. లినక్స్‌లో ఇలాంటి తాళాలు తీసే క్రిప్ట్‌సెటప్‌లో 2020 నుంచి బిట్‌లాకర్‌కు మద్దతు ఉంది. పాస్‌వర్డ్ మరచిపోతే 48 అంకెల రికవరీ కీ కావాలి, అది కూడా లేకపోతే దారి లేదు. తాళం తీశాక లోపల ఉండేది చాలావరకు ఎన్‌టీఎఫ్‌ఎస్సే, పైన చెప్పిన ఫాస్ట్ స్టార్టప్ జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.


సింగ్‌నగర్_వాసి | సోమవారం, రాత్రి 10:40

మూడు రోజులు నడిచింది. రెండుసార్లు కరెంటు పోయింది, మ్యాప్ ఫైలు వల్ల మళ్లీ ఆగినచోటే అందుకుంది. ఇమేజ్‌ను డిస్క్స్ అప్లికేషన్‌లో చదవడానికి మాత్రమే తగిలించి చూశాను. పిల్లల ఫోటోలు వచ్చాయి. ఇంటి కాగితాల స్కాన్లు వచ్చాయి. మా అమ్మ తిరునాళ్లలో పాడిన పాటల రికార్డింగులు 14 ఉండాలి. అమ్మ ఇప్పుడు లేదు. పన్నెండు మొదటినుంచి చివరిదాకా వినిపిస్తున్నాయి. రెండు మధ్యలో ఆగిపోతున్నాయి.


చిట్టా_ఆవర్జా | సోమవారం, రాత్రి 10:52

ఆ డిస్క్‌ను పారేయకండి. ఈ రాత్రికి దాన్ని చల్లారనివ్వండి. రేపు అదే ఇమేజ్ ఫైలుకు, అదే మ్యాప్ ఫైలుతో ఇంకో విడత నడుపుదాం. ఈసారి హైఫన్ ఎన్ తీసేసి, హైఫన్ పెద్ద ఆర్ ఇవ్వండి. చదవని చోట్లకు వెనకనుంచి వస్తుంది. ముందునుంచి రాని సెక్టార్లు ఒక్కోసారి అటునుంచి వస్తాయి. ఇంకా మిగిలితే హైఫన్ చిన్న ఆర్, 3 తో మూడు ప్రయత్నాలు. ఆ రెండు పాటల పేర్లు రాసిపెట్టుకోండి. ఉదయం పదింటికి నేను ఇక్కడే ఉంటాను.